హెచ్‌సీ-ఎస్ఆర్04తో గబ్బిలాల డిటెక్టర్: వంద రూపాయల సెన్సారు ఎంతవరకు వింటుంది?

రోబో ప్రాజెక్టులు చేసే ఇంజనీరింగ్ పిల్లలందరికీ తెలిసిన వస్తువే ఇది. నీలం బోర్డు, దాని మీద రెండు గుండ్రటి రేకు డబ్బాలు, కింద నాలుగు కాళ్ళు. దూరం కొలిచే సెన్సారు. తిరుపతిలో ఎలక్ట్రానిక్స్ సామాను అమ్మే అంగళ్ళలోనూ ఆన్‌లైన్‌లోనూ సుమారు వంద రూపాయలకు దొరుకుతుంది. దూరం ఎంత బాగా కొలుస్తుందో చెప్పే రివ్యూలు చాలానే ఉన్నాయి, ఇది ఆ కోవది కాదు. ఆ రెండు డబ్బాల్లో ‘ఆర్’ అని రాసున్నదాన్ని ఊడదీసి, గబ్బిలాల కూతలు వినిపించే పెట్టెకు చెవిగా అమరిస్తే ఎలా ఉంటుందన్నదే ఇక్కడి విషయం.

తీర్పు ముందే చెప్పేస్తాం. గబ్బిలం వచ్చిందా, ఏ వేళకు వచ్చింది, పురుగు వెంట పడిందా అన్న మూడు సంగతులూ ఈ పరికరం చక్కగా చెబుతుంది. అది ఏ జాతి గబ్బిలమని అడిగితే మాత్రం తప్పు చెబుతుంది, అదీ ఏ తడబాటూ లేకుండా. మూడు నాలుగు వందల ఖర్చుకు మొదటి మూడూ దక్కితే చాలనుకునేవాళ్ళు ధైర్యంగా మొదలుపెట్టవచ్చు.

అసలు ఏ గబ్బిలాలు వినిపిస్తాయో తెలియకుండా ఇది కట్టి నిరాశపడేవాళ్ళే ఎక్కువ. చిత్తూరు వైపు మామిడి తోటలవాళ్ళు తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: కాయ పక్వానికొచ్చే మే, జూన్ నెలల్లో తోట మీద పడే గబ్బిలాలను ఇది ముందుగా పసిగడుతుందా? పసిగట్టదు. చింతచెట్లకూ మర్రిచెట్లకూ గుంపులుగా వేలాడే పెద్ద గబ్బిలం, అరటి, జామ, మామిడి చుట్టూ తిరిగే పొట్టి ముక్కు గబ్బిలం కంటి చూపుతోనూ వాసనతోనూ దారి వెతుక్కునే రకాలు. గొంతుతో అల్ట్రాసౌండ్ కూత (మనిషి చెవికి అందనంత సన్నటి శబ్దం) పెట్టి దాని ప్రతిధ్వనితో దారి చూసుకునే అలవాటు వాటికి లేదు. గుహల్లో, పాడుబడ్డ కట్టడాల్లో ఉండే రూసెట్ అనే ఇంకో పండ్ల గబ్బిలం నాలుకతో టకటకమని చప్పుడు చేస్తుంది గానీ, తోట కాపలాకు దాన్ని నమ్ముకోలేం. తోట కోసమైతే ఈ డబ్బులు వలకు పెట్టుకోవడం మేలు.

ఇది వినేది పురుగులు తినే చిన్న గబ్బిలాలను. వీధి దీపం చుట్టూ, చెరువు గట్టు మీద, మిద్దెల మధ్య సందుల్లో గిరగిరా తిరిగేవి. పిపిస్ట్రెల్ అనే బుల్లి రకాల కూత 40 నుంచి 50 కిలోహెర్ట్జ్ ప్రాంతంలో బలంగా ఉంటుంది. ఇళ్ళ కప్పుల్లో చేరే పసుపు గబ్బిలం కూడా సుమారు అక్కడే. పాత కోట గోడల్లో, రాతి నెర్రెల్లో ఉండే టూంబ్ బ్యాట్ 30కి కాస్త కిందుగా, చెట్ల కంటే ఎత్తున ఎగిరే ఫ్రీ-టెయిల్డ్ రకం 20 దగ్గర కూస్తాయి. పాత మండపాల్లో, గుహల్లో కాపురముండే ఆకు ముక్కు గబ్బిలం మాత్రం 130 దగ్గర కూస్తుంది. ఇన్ని రకాలున్న చోటికి 40 కిలోహెర్ట్జ్ కోసమే తయారైన ఈ సెన్సారు చెవిని తీసుకెళుతున్నామన్న సంగతి గుర్తుంటే, కింద చెప్పే లాభనష్టాలన్నీ తేలిగ్గా అర్థమవుతాయి.

మనిషి చెవి 20 కిలోహెర్ట్జ్ దాటి వినదు. వయసు మీదపడేకొద్దీ ఆ గీత ఇంకా కిందికి దిగుతుంది. 1938లో హార్వర్డ్‌లో గ్రిఫిన్, పియర్స్ అనే ఇద్దరు మొదటిసారి ఈ కూతలను పట్టుకున్నది కూడా అల్ట్రాసౌండ్‌ను వినదగ్గ శబ్దంగా మార్చే పరికరంతోనే. ఇప్పుడు ఇంట్లో చేసుకోదగ్గ పద్ధతులు ముఖ్యంగా రెండు. హెటరోడైన్‌లో మన దగ్గరున్న ఒక ఆసిలేటర్ (నిలకడగా ఒకే అలను పుట్టించే సర్క్యూట్) శబ్దాన్ని గబ్బిలం కూతతో కలిపి, రెండింటి తేడాను వింటాం. స్వరం బాగుంటుంది గానీ, రేడియో స్టేషను కోసం తిప్పినట్టు నాబ్ తిప్పుతూనే ఉండాలి. 45 మీద పెట్టుకుని కూర్చుంటే 28 దగ్గర కూసేది తల మీదుగా వెళ్ళిపోయినా తెలియదు. ఫ్రీక్వెన్సీ డివిజన్‌లో వచ్చిన అలలను లెక్కపెట్టి పదహారింటికి ఒకటి బయటికి పంపుతాం. 40 కిలోహెర్ట్జ్ కూత 2,500 హెర్ట్జ్‌గా వినిపిస్తుంది. నాబ్ లేదు, ట్యూనింగ్ లేదు. మొదటిసారి కట్టేవాళ్ళకు ఇదే సరైనది, ఈ రివ్యూలో ఉన్నదీ ఇదే.

సామాను సంగతి. సెన్సార్లు రెండు తీసుకోండి. ఒకటి ఊడదీయడానికి, రెండోది పరీక్షకు. సిగ్నల్‌ను పెంచే ఎన్ఈ5532 ఆప్-యాంప్ ఒకటి, సిగ్నల్ ఒక గీత దాటిందో లేదో తేల్చే ఎల్ఎం393 కంపారేటర్ ఒకటి, అలలను లెక్కపెట్టే సీడీ4040 కౌంటర్ ఒకటి, మూడింటికీ సాకెట్లు. 10 కిలో ఓంల ప్రీసెట్ (తిప్పి మార్చుకునే రెసిస్టర్), చప్పుడు వినిపించే 35 మిల్లీమీటర్ల పీజో డిస్కు, 9 వోల్టుల బ్యాటరీ, దాని క్లిప్పు, స్విచ్, 1ఎన్4007 డయోడ్ ఒకటి, జీరో బోర్డు (టంకం పెట్టుకునే రంధ్రాల బోర్డు). మిగతావి చిల్లర రెసిస్టర్లు, కెపాసిటర్లు. ఇందులో ఊళ్ళో దొరకడం కష్టమయ్యేది సీడీ4040 ఒక్కటే, దాన్ని ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాల్సి రావచ్చు. ఎన్ఈ5532 లేకపోతే యాంప్లిఫయర్లు బాగుచేసే అంగట్లో 4558 అడగండి, తప్పకుండా ఉంటుంది. ఈ సెన్సారు వరకు అదీ సరిపోతుంది. ఎల్ఎం358 మాత్రం ‘రెండూ ఒకటే, కాళ్ళు కూడా అవే’ అని చేతిలో పెట్టినా తీసుకోవద్దు. కాళ్ళు ఒకటే, నిజమే. కానీ దాని అవుట్‌పుట్ మైక్రోసెకనుకు 0.3 వోల్టు మించి కదలలేదు, 40 కిలోహెర్ట్జ్ దగ్గర 30 రెట్లు పెంచే సత్తువ కూడా దానికి లేదు. అలా కట్టినవి అచ్చం పనిచేస్తున్నట్టే ఉంటాయి: తాళాలు గలగలలాడిస్తే మోగుతాయి, గబ్బిలం వస్తే మోగవు.

సెన్సారు ఊడదీయడం దగ్గరే సగం పాడవుతాయి. ‘టీ’ అంటే శబ్దం పంపేది, ‘ఆర్’ అంటే వినేది. మనకు కావలసింది ‘ఆర్’. చూపులకు రెండూ ఒకలాగే ఉంటాయి, అందుకే ఊడదీసే ముందే మార్కర్‌తో గుర్తు పెట్టుకోవాలి. పొరపాటున ‘టీ’ వాడినా పనిచేస్తుంది గానీ వినికిడి తగ్గుతుంది. డబ్బా లోపల పీజో బిళ్ళకు సన్నటి తీగలు అతికించి ఉంటాయి, ఒకే కాలి మీద టంకం పెట్టే ఐరన్ ఎక్కువసేపు పెడితే అవి ఊడిపోతాయి. రెండు కాళ్ళకూ కొత్త లెడ్డు పెట్టి, విక్‌తో (లెడ్డును పీల్చే రాగి అల్లికతో) పీల్చి, మూడు సెకన్లకు మించకుండా ఒకదాని తర్వాత ఒకటి వదులు చేయాలి. ఊడి వచ్చాక మల్టీమీటర్‌ను బజర్ మీద పెట్టి ఏ కాలు రేకు డబ్బాకు తగులుతోందో చూడండి. అది కింద చెప్పే మధ్య బిందువుకు, రెండోది సిగ్నల్‌కు. ఇది తిరగబడితే డబ్బా మొత్తం యాంటెన్నా అయిపోతుంది, చెయ్యి దగ్గరకు తెచ్చినప్పుడల్లా గీ అంటుంది.

ఇక సర్క్యూట్. ఎన్ఈ5532లో రెండు ఆప్-యాంపులుంటాయి. రెండింటినీ నాన్-ఇన్వర్టింగ్‌గా (అలను తిరగేయకుండా), ఒక్కోటి 31 రెట్లు పెంచేలా కడతాం: అవుట్‌పుట్ నుంచి మైనస్ కాలికి 100 కిలో ఓంలు, మైనస్ కాలి నుంచి 3.3 కిలో ఓంలు, ఆ తర్వాత 332 అని రాసున్న కెపాసిటర్ ద్వారా గ్రౌండుకు. ఈ 332ను చిన్నచూపు చూడొద్దు. 3.3 కిలో ఓంలతో కలిసి అది సుమారు 15 కిలోహెర్ట్జ్ కింది శబ్దాలను పెంచకుండా ఆపుతుంది. హారన్లు, మైకులు, మాటలు అక్కడే తగ్గిపోతాయి. దాని బదులు పెద్ద కెపాసిటర్ వేస్తే మీ డిటెక్టర్ గబ్బిలాల కంటే ముందు ఆటోలను లెక్కపెడుతుంది. రెండు దశలూ కలిసి మొత్తం పెంపు దాదాపు వెయ్యి రెట్లు.

బ్యాటరీ ఒకటే కాబట్టి మధ్య వోల్టేజీ తయారుచేసుకోవాలి. రెండు 10 కిలో ఓంలను వరసగా బ్యాటరీకి అడ్డంగా కట్టి, మధ్య బిందువు నుంచి గ్రౌండుకు 47 మైక్రోఫారడ్ పెడితే 4.5 వోల్టులు వస్తుంది. సెన్సారు డబ్బా కాలు ఈ మధ్య బిందువుకు, సిగ్నల్ కాలు 5532 మూడో కాలికి. ఈ రెండింటికీ అడ్డంగా 10 కిలో ఓంలు. మొదటి దశ అవుట్‌పుట్ అయిన ఒకటో కాలు నేరుగా ఐదో కాలికి వెళుతుంది, మధ్యలో కెపాసిటర్ అక్కర్లేదు. ఏడో కాలి దగ్గర పెరిగిన సిగ్నల్ దొరుకుతుంది. ప్లస్ ఎనిమిది, గ్రౌండు నాలుగు.

ఏడో కాలిని ఎల్ఎం393 రెండో కాలికి కలపాలి. మూడో కాలికి ఇవ్వాల్సింది ‘ఇంతకు మించితేనే గబ్బిలమని లెక్క’ అనే గీత. 9 వోల్టుల నుంచి 100 కిలో ఓంలు, ఆ తర్వాత 10 కిలో ఓంల ప్రీసెట్, ప్రీసెట్ రెండో కొస మధ్య బిందువుకు. ప్రీసెట్ నడిమి కాలి నుంచి 10 కిలో ఓంలతో మూడో కాలికి. ఇలా చేస్తే గీతను మధ్య వోల్టేజీ నుంచి 0.4 వోల్టు పైవరకు జరుపుకోవచ్చు. 393 అవుట్‌పుట్ అయిన ఒకటో కాలి నుంచి మూడో కాలికి 1 మెగా ఓం, ఒకటో కాలి నుంచి ప్లస్‌కు 10 కిలో ఓంలు. ఆ ఒక్క మెగా ఓం లేకపోతే గీత దగ్గర తచ్చాడే నాయిస్‌కు కంపారేటర్ ఒక అలను రెండుగానో మూడుగానో లెక్కపెట్టి, 40ని 90 చేసి చూపిస్తుంది. ఈ ఎల్ఎం393 అవుట్‌పుట్ తనంతట తాను పైకి లేవదు, ప్లస్‌కు కట్టిన 10 కిలో ఓంలే దాన్ని లేపుతుంది. చాలామంది మరిచేది ఇదే. వాడని రెండో సగం ఇన్‌పుట్లు ఐదు, ఆరు కాళ్ళను గ్రౌండుకు కట్టేయండి.

ఎల్ఎం393 ఒకటో కాలు అక్కడి నుంచి సీడీ4040 పదో కాలికి. పదహారు ప్లస్, ఎనిమిది గ్రౌండు. పదకొండో కాలు రీసెట్, దాన్ని గ్రౌండుకు కట్టి తీరాలి. గాలిలో వదిలేస్తే కౌంటర్ ఒకసారి లెక్కపెడుతుంది, ఒకసారి మానేస్తుంది. వేలు తగిలితే పనిచేసి, తీస్తే ఆగిపోయే డిటెక్టర్ ఎదురైతే మొదట చూడాల్సింది ఈ కాలినే. పదహారుతో భాగించిన సిగ్నల్ ఐదో కాలి దగ్గర ఉంటుంది. అక్కడి నుంచి 1 కిలో ఓం ద్వారా పీజో డిస్కుకు, డిస్కు రెండో తీగ గ్రౌండుకు.

4040 మూడో కాలి దగ్గర ముప్పై రెండుతో భాగించింది కూడా దొరుకుతుంది, చెవికి మెత్తగా ఉంటుందని కొందరు అదే వాడతారు. అందులో ఓ చిక్కుంది. గబ్బిలం కూత మనం అనుకున్నంత పొడుగు కాదు, మూడు నాలుగు మిల్లీసెకన్లే. 40 కిలోహెర్ట్జ్ వద్ద 3 మిల్లీసెకన్ల కూత అంటే 120 అలలు. పదహారుతో భాగిస్తే ఏడున్నర అలలు మిగులుతాయి, చెవికి ‘టిక్’ అని స్పష్టంగా తగులుతుంది. ముప్పై రెండుతో నాలుగు కూడా మిగలవు. పురుగు దగ్గరికి వచ్చేసరికి గబ్బిలం కూతలను ఇంకా కురచ చేసి, సెకనుకు పది పన్నెండు ఉన్నవాటిని నూటయాభైకి పైగా పెంచుతుంది. టిక్ టిక్‌లు కలిసిపోయి ‘ట్ర్ర్ర్’ అనే ఈ చప్పుడే డిటెక్టర్ చేతిలో ఉన్నందుకు దక్కే అసలు ఆనందం. దాన్ని పోగొట్టుకునేంత మెత్తదనం ఎందుకు?

కట్టే పద్ధతి గురించి గట్టిగా చెప్పాల్సింది ఒకటుంది. ఇన్‌పుట్ దగ్గర మైక్రోవోల్టులు, అవుట్‌పుట్ దగ్గర 9 వోల్టుల చదరపు అలలు, రెండూ అరచేతంత బోర్డు మీదే. బ్రెడ్‌బోర్డు (టంకం లేకుండా గుచ్చుకునే బోర్డు) మీద ఇది దాదాపు ఎప్పుడూ తనలో తానే కూస్తుంది, పక్కపక్క వరసల మధ్య ఉండే కొద్దిపాటి కెపాసిటెన్సే అందుకు చాలు. జీరో బోర్డు మీద సెన్సారు ఒక కొసన, కౌంటర్, పీజో ఇంకో కొసన ఉండాలి. 5532కి వెళ్ళే ప్లస్ తీగలో 100 ఓంలు పెట్టి, దాని తర్వాత గ్రౌండుకు 100 మైక్రోఫారడ్. ప్రతి ఐసీ ప్లస్ కాలి పక్కనే 104 అని రాసున్న కెపాసిటర్ ఒకటి. గ్రౌండు తీగలు ఇన్‌పుట్‌కు ఒకటి, కౌంటర్‌కు ఒకటి విడివిడిగా వచ్చి బ్యాటరీ మైనస్ దగ్గరే కలవాలి. డయోడ్ బ్యాటరీ ప్లస్‌లో వరసగా పెడితే, చీకట్లో క్లిప్పు తిరగేసి తగిలించినా ఐసీలు కాలవు.

రేకు డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను బ్యాటరీ మైనస్‌కు కలిపితే నాయిస్ బాగా తగ్గుతుంది. ఒక్క జాగ్రత్త: సెన్సారు రేకు 4.5 వోల్టుల మీద ఉంటుంది, పెట్టె రేకు సున్నా మీద. రెండూ తాకితే మధ్య వోల్టేజీ కూలిపోయి మొత్తం మూగబోతుంది. రబ్బరు బుష్ వేసి బిగించండి. ఆ బుష్ ఇంకో పని కూడా చేస్తుంది, పీజో కుదుపు పెట్టె గుండా సెన్సారుకు చేరకుండా ఆపుతుంది. పీజో చదరపు అలల్లో మనకు వినపడని పై స్వరాలు కూడా ఉంటాయి, సెన్సారు వాటిని గబ్బిలమని భ్రమపడితే ఆ చప్పుడు మళ్ళీ పీజోలోంచి వచ్చి, సెన్సారుకూ పీజోకూ మధ్య గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. అయినా కూత ఆగకపోతే పీజోను పెట్టె వెనక వైపుకు తిప్పండి, లేదా దాన్ని తీసేసి క్రిస్టల్ ఇయర్‌ఫోన్ పెట్టండి. మామూలు ఫోన్ ఇయర్‌ఫోన్లను నేరుగా 4040కి కట్టొద్దు, వాటిని నడిపే కరెంటు ఆ ఐసీ ఇవ్వలేదు.

మొదటిసారి స్విచ్ వేసినప్పుడు సెన్సారు వైపు కాకుండా మల్టీమీటర్ వైపు చూడండి. 5532 ఒకటి, ఏడు కాళ్ళ దగ్గర బ్యాటరీలో సగం ఉండాలి. లేకుంటే ఎక్కడో టంకం తప్పింది, ముందుకు వెళ్ళి లాభం లేదు. తర్వాత ప్రీసెట్‌ను చిటపటలు మొదలయ్యేదాకా తిప్పి, అవి ఆగేవరకు వెనక్కి జరపండి. వినికిడి బాగుండేది అక్కడే. మీటరు దూరంలో తాళాల గుత్తి ఆడించినా, పాలిథిన్ కవర్ నలిపినా, వేళ్ళు రెండూ రుద్దినా మోగాలి. ఆర్డునో (ప్రోగ్రాం రాసి నడిపే చిన్న బోర్డు) ఉన్నవాళ్ళు విడిగా కొన్న రెండో సెన్సారుకు 10 మైక్రోసెకన్ల ట్రిగ్గర్ ఇస్తే అది 40 కిలోహెర్ట్జ్ అలలు ఎనిమిది పంపుతుంది. ఎనిమిదిని పదహారుతో భాగిస్తే సగమే కదా అనిపించవచ్చు. కానీ పంపే డబ్బా, వినే డబ్బా రెండూ ఆ తర్వాత కాసేపు మోగుతూనే ఉంటాయి కాబట్టి టిక్ అని వినిపిస్తుంది.

ఇప్పుడు ఈ సెన్సారు అసలు లోపం. కౌంటర్ అవుట్‌పుట్‌ను ఫోన్‌లో స్పెక్ట్రోగ్రామ్ యాప్‌తో (శబ్దంలోని స్వరాలను గీతలుగా చూపేది) చూసి, అన్నిటికంటే కింది గీతను పదహారుతో గుణిస్తే గబ్బిలం ఫ్రీక్వెన్సీ వస్తుందని చాలాచోట్ల చదువుతాం. లెక్క సరైనదే, 2,500 కనిపిస్తే 40,000. చదరపు అల కాబట్టి పైన మూడు రెట్లు, ఐదు రెట్ల దగ్గర కనిపించే గీతలను వదిలేయాలి, అదీ సరే. తిరకాసంతా సెన్సారులో ఉంది. ఈ డబ్బా 40 దగ్గర పదునుగా వింటుంది, రెండు మూడు కిలోహెర్ట్జ్ అటూ ఇటూ జరిగితే చాలు వినికిడి పడిపోతుంది. పిపిస్ట్రెల్ కూత ఒకే స్వరం కాదు, 80 పైనుంచి 45 దాకా జారే కూత. ఆ జారుడులో సెన్సారు గట్టిగా వినగలిగిన కాస్త ముక్కే కంపారేటర్ గీతను దాటుతుంది. ఆ ముక్క ఎప్పుడూ 40కి దగ్గరగానే ఉంటుంది. అంటే గబ్బిలం ఏదైనా ఈ పెట్టె ‘నలభై’ అనే అంటుంది. చూసేవాళ్ళు అది గబ్బిలం స్వరమనుకుంటారు, నిజానికది సెన్సారు స్వరం. జాతి గుర్తింపుకు ఇది పనికిరాదని మొదట్లో అన్నది ఇందుకే.

ఈ పదునును కొంత మొద్దు చేయవచ్చు. సెన్సారుకు అడ్డంగా ఉన్న 10 కిలో ఓంల బదులు 2.2 వేస్తే 40 దగ్గర వినికిడి తగ్గి, చుట్టుపక్కల కొంచెం సమానమవుతుంది. ఇంతకంటే మంచి ఉపాయం, రెసిస్టర్‌లాగే కనిపించే 4.7 మిల్లీహెన్రీ కాయిల్‌ను సెన్సారుకు అడ్డంగా పెట్టడం. డబ్బా కెపాసిటెన్స్ సుమారు 2,000 పికోఫారడ్. దానితో కలిసి ఈ కాయిల్ 50 కిలోహెర్ట్జ్ పైన ఇంకో శిఖరాన్ని లేపుతుంది. పిపిస్ట్రెల్‌లు తిరిగే వీధుల్లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. పది రూపాయల మార్పే, మొదటే చేసుకోవడం మంచిది. వినికిడి దూరం 40 దగ్గర కూసేవాటికి ఓ పది మీటర్లు, దానికి దూరంగా కూసేవాటికి రెండు మూడు మీటర్లే. ఆకు ముక్కు గబ్బిలం ముఖం మీదుగా ఎగిరినా ఈ డబ్బాకు తెలియదు.

వాడకం గురించి. పొద్దుగుంకాక అరగంట లోపు చిన్న గబ్బిలాలు బయటికి వస్తాయి. తిరుపతిలో సూర్యాస్తమయం నవంబరు చివర్లో సుమారు 5:40, జూలై మొదట్లో 6:40 కాబట్టి వేళను కాలాన్ని బట్టి చూసుకోవాలి. మొదటి గంటే రద్దీ, ఆ తర్వాత పలచబడుతుంది. పురుగులు మూగే పాత రకం పసుపు వీధి దీపాలు, చెరువు గట్లు, పెద్ద చెట్ల వరసలు ఉన్న కాలేజీ ఆవరణలు మంచి చోట్లు. చెరువు దగ్గర డిటెక్టర్‌ను నీటికి ఎదురుగా కాకుండా కాస్త పైకెత్తి పట్టుకుంటే నీటి మీది ప్రతిధ్వనుల గోల తగ్గుతుంది.

మోగిందల్లా గబ్బిలం కాదు. ఆర్టీసీ బస్సు ఎయిర్ బ్రేకు వదిలిన బుస్సుకు ఈ పెట్టె పెద్దగా అరుస్తుంది. కొన్ని ఎల్ఈడీ దీపాల డ్రైవర్లు, చార్జర్లు, ఎలుకలను తరిమే ప్లగ్గులు ఆగకుండా ఒకే స్వరం ఇస్తాయి. ఏ మార్పూ లేకుండా అలా మోగుతూ ఉంటే అది కరెంటు సామానే. అసలు పరీక్ష వానాకాలంలో. కొండ కింద కీచురాళ్ళూ పొదల్లోని పచ్చ మిడతలూ అల్ట్రాసౌండ్‌లోకి కూడా పాకే శబ్దాలు చేస్తాయి. అవి ఉన్నచోటనే ఉండి నిలకడగా గరగరలాడతాయి. గబ్బిలం కూత దగ్గరవుతుంది, పెరుగుతుంది, దూరమవుతుంది, మూడు నాలుగు సెకన్లలో అయిపోతుంది. రెండు సాయంత్రాలు వింటే ఎవరికైనా తేడా పట్టుబడుతుంది.

ఒక స్థానిక హెచ్చరిక. శేషాచలం అడవి జాతీయ పార్కు కిందా జీవావరణ రిజర్వు కిందా ఉంది, అటవీ శాఖ అనుమతి లేకుండా లోపలికి వెళ్ళకూడదు. ఎర్రచందనం దొంగల కోసం గస్తీ తిరిగే ఊళ్ళో, చీకటి పడ్డాక టార్చిలైటూ తీగలు వేలాడే రేకు డబ్బా పట్టుకుని కొండ అంచున నిలబడితే అడిగేవాళ్ళు అడుగుతారు. అలిపిరి తనిఖీ దగ్గర బ్యాగులో అలాంటి డబ్బా ఉంటే సంగతి చెప్పనక్కర్లేదు. పెట్టెకు మూత వేసి, పేరు రాసి, ఊళ్ళోనే వినండి. గబ్బిలాలు నిద్రపోయే మండపాల్లోకి, గుహల్లోకి దూరి పగలు వాటిని లేపొద్దు. కిందపడ్డదాన్ని వట్టి చేత్తో ముట్టుకోవద్దు.

రెడీమేడ్ కిట్ల మీద ఒక మాట. ఆన్‌లైన్‌లో గబ్బిలాల డిటెక్టర్ కిట్ పేరుతో వచ్చేవాటిలో లోపల ఉండేది చాలావరకు ఇదే 40 కిలోహెర్ట్జ్ డబ్బా. ఫొటోలో గుండ్రటి జల్లెడ రేకు మూత కనిపించి, వివరాల్లో ‘15 నుంచి 120 కిలోహెర్ట్జ్’ అని ఉంటే నమ్మకండి. కౌంటర్ 120 దాకా లెక్కపెట్టగలదేమో, చెవి వినలేదు.

చెవినే మార్చాలనుకుంటే ఇదే బోర్డు మీద మెమ్స్ మైకు (చిప్పు రూపంలో ఉండే బుల్లి మైకు) పెట్టుకోవచ్చు. నోల్స్ కంపెనీ ఎస్‌పీయూ0410ఎల్ఆర్5హెచ్ అనే మైకు ఈ పనికి చాలామంది వాడేది. 80 దాటిన కూతలను కూడా పట్టుకుంటుంది. అది బియ్యపు గింజంత, కాళ్ళు కడుపు కింద ఉంటాయి, మామూలు ఐరన్‌తో టంకం పెట్టడం కుదరదు. చిన్న బోర్డు మీద అతికించి అమ్మేదే కొనాలి. శబ్దం లోపలికి వెళ్ళే రంధ్రం కూడా అడుగునే ఉంటుంది, దాని మీద ఫ్లక్స్ పడితే మైకు పోయినట్టే. దానికి గరిష్ఠంగా 3.6 వోల్టులే, 9 వోల్టులు నేరుగా తగిలితే అంతటితో సరి. 3.3 వోల్టుల రెగ్యులేటర్ పెట్టి, అవుట్‌పుట్‌ను 102 కెపాసిటర్ ద్వారా 5532 మూడో కాలికి ఇవ్వాలి. సెన్సారుకు అడ్డంగా ఉన్న 10 కిలో ఓంలు అలాగే ఉండాలి, కాయిల్ ఉంటే తీసేయాలి. 4558తో కట్టినవాళ్ళు ఈ దశలో 5532కి మారాలి, 130 దగ్గర 4558కి 31 రెట్లు పెంచే శక్తి ఉండదు. అప్పుడు ఫోన్‌లో కనిపించే అంకెకు అర్థముంటుంది. అయినా ఆకు ముక్కు గబ్బిలాన్ని వినాలంటే దగ్గరికి రావాల్సిందే. 40 దగ్గర గాలి మీటరుకు ఒక డెసిబెల్‌కు కాస్త పైగా మింగేస్తే, 130 దగ్గర నాలుగుకు పైనే మింగుతుంది.

జాతి తేల్చాలి, రికార్డు ఉండాలి, కాలేజీ ప్రాజెక్టులో చూపించాలి అంటే ఇవేవీ కాదు, ఆడియోమోత్ లాంటి రికార్డరే దారి. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, మూడు ఏఏ బ్యాటరీలతో నడుస్తుంది, సెకనుకు 3,84,000 శాంపిళ్ళు తీసుకుంటుంది కాబట్టి 192 కిలోహెర్ట్జ్ వరకు కూత మొత్తాన్ని ఉన్నదున్నట్టు దాస్తుంది. ధర వేలల్లో, దిగుమతి ఖర్చు అదనం. కూతను అప్పటికప్పుడు పెట్టెలోంచి వినిపించడం దాని పని కాదు, ఇంటికొచ్చి కంప్యూటర్‌లో ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేర్‌లో స్పెక్ట్రోగ్రామ్ తెరిచి చూసుకోవాలి. వేగం గరిష్ఠంగా పెడితే నిమిషానికి 46 మెగాబైట్లు, గంటకు దాదాపు 2.8 గిగాబైట్లు. పన్నెండు గంటల రాత్రి మొత్తం రికార్డు చేయమంటే 32 జీబీ కార్డు తెల్లారకముందే నిండిపోతుంది. సూర్యాస్తమయం నుంచి రెండు గంటలు, తెల్లవారుజామున ఒక గంట చొప్పున షెడ్యూలు పెడితే అదే కార్డు మూడు రాత్రులకు సరిపోతుంది.